వాస్తువిద్యలో వైదికత్వము : ద్వారము, పల్లము – ఒక పరిశీలనము

వాస్తుశాస్త్రము వైదికమనుట నేడు పరిపాటియైనది. ఇల్లు కట్టువాడును, కట్టించుకొనువాడును, కట్టిన యింటి గోడను పడగొట్టుమని సలహా చెప్పువాడును, ముగ్గురును వేదమునే సాక్షిగా పిలుచుచున్నారు. దక్షిణముఖమైన స్థలమునకు వెల తగ్గుచున్నది. చక్కగా గాలి వచ్చుచున్న దక్షిణపు వాకిలి మూయబడుచున్నది. ఈశాన్యము పల్లముగాను, నైరృతి మెఱకగాను ఉండితీరవలెననుట విచారణకు తావులేని నియమముగా చెల్లుచున్నది. ఈ నియమములకు వేదమున ప్రమాణము కలదా? ఉన్నచో అది యే గ్రంథమున కలదు? లేనిచో ఇవి యెక్కడినుండి వచ్చినవి? ఈ ప్రశ్నలకు సమాధానము నమ్మకమువలన గాని, పరిహాసమువలన గాని లభింపదు. గ్రంథములను వాని కాలక్రమమున చదువుటవలననే లభించును. వాస్తువిద్య విశాలమైనది గనుక ఈ వ్యాసమున ద్వారము, పల్లము అను రెండు విషయములను మాత్రమే ప్రధానముగా గ్రహించి, మూడు తరగతుల గ్రంథములు వానిని గుఱించి చెప్పినదానిని పరిశీలింతును.

శబ్దము – దాని మొదటి అర్థము

నివాసార్థకమైన 'వస్' ధాతువునుండి వాస్తుశబ్దము పుట్టినది. ఇల్లు కట్టుటకు తగిన భూమి యనుటయే అమరకోశము చెప్పిన అర్థము. ఋగ్వేదమున సప్తమమండలమునందలి 54వ సూక్తము వాస్తోష్పతిని గుఱించినది. మూడే ఋక్కులు కలది. తరువాతి సూక్తమున మొదటి ఋక్కు కూడ ఆతనినే సంబోధించుచున్నది. ఇంటి కధిపతియైన ఆ దేవతను ఋషి కోరినది రోగములేని నివాసము, ద్విపాత్తులకును చతుష్పాత్తులకును క్షేమము, గోవుల యొక్కయు గుఱ్ఱముల యొక్కయు సమృద్ధి. ఏ దిక్కున తలుపు పెట్టవలెనను ప్రసక్తి యందు లేదు. అథర్వవేదమున తృతీయకాండమునందలి 12వ సూక్తము, నవమకాండమునందలి 3వ సూక్తము శాలను గుఱించినవి. రెండవదానిలో ఒక విశేషము కలదు. ఇంటియొక్క తూర్పుదిక్కునకును, దక్షిణమునకును, పడమరకును, ఉత్తరమునకును, క్రిందికిని, మీదికిని వరుసగా నమస్కారము చెప్పబడినది. దక్షిణమునకు తక్కువ నమస్కారము లేదు.

సంహితలలో 'వాస్తుశాస్త్ర'మను పేరుగల గ్రంథము గాని భాగము గాని లేదు. స్థాపత్యవేదము అథర్వవేదమున కుపవేదమని యొక సంప్రదాయము. ఆ స్థానమున అర్థశాస్త్రమును పేర్కొను సంప్రదాయము మఱియొకటి. ఉపవేదమను గౌరవనామముచేతనే తరువాతి శిల్పగ్రంథమునందలి ప్రతివాక్యమును శ్రుతివాక్యము కాజాలదు.

సూత్రగ్రంథముల సాక్ష్యము

వేదాంగకాలమునకు వచ్చినచో గృహనిర్మాణమునకు నిజమైన నియమములు కనబడును. ఋగ్వేదశాఖకు చెందిన ఆశ్వలాయనగృహ్యసూత్రము భూపరీక్షను చెప్పినది. మోకాలిలోతు గొయ్యి త్రవ్వి ఆ మన్నుతోనే దానిని పూడ్చవలెను. మన్ను మిగిలినచో స్థలము ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలనిచో విడువదగినది. సూర్యాస్తమయమైన తరువాత గోతిని నీటితో నింపి రాత్రియెల్ల ఉంచవలెను. తెల్లవాఱునప్పటికి నీరు నిలిచియున్నచో ఉత్తమము, తడి మాత్రమే యున్నచో మధ్యమము, పొడిబాఱినచో త్యాజ్యము. వదులుగా నున్న మన్ను గోతిని నింపజాలదు, గట్టిమన్ను మిగులును. ఇది ప్రత్యక్షముపై నాధారపడిన పరీక్ష. ఇట్టిది యుండుటచేతనే ఈ విద్య గౌరవార్హమగుచున్నది.

ద్వారమును గుఱించి స్పష్టముగా చెప్పినది సామవేదశాఖకు చెందిన గోభిలగృహ్యసూత్రము. కీర్తిని గాని బలమును గాని కోరువాడు తూర్పువాకిలి యింటిని, సంతానమును గాని పశువులను గాని కోరువాడు ఉత్తరపు వాకిలి యింటిని కట్టుకొనవలెను. అన్నిటిని కోరువానికి విధింపబడినది దక్షిణపు వాకిలి. నిషేధింపబడినది పడమటి వాకిలి యొక్కటియే. నేడు ఏ దిక్కునకు భయపడుచున్నారో ఆ దిక్కే ఈ సూత్రమున సర్వకామప్రదమైనది. 'వైదికవాస్తు' అను మాటను వాడువా రెవరైనను మొదట ఎదుర్కొనవలసిన వాక్యమిది.

పల్లము విషయమున ఆపస్తంబగృహ్యసూత్రము తెలుగువారికి మిక్కిలి దగ్గఱిది. ఆంధ్రదేశపు వైదికకుటుంబములలో అధికభాగము కృష్ణయజుర్వేదమున ఆపస్తంబసూత్రము ననుసరించునవే గదా. ఆ సూత్రమున గృహనిర్మాణప్రకరణము ఇంటిస్థలము నైరృతిదిక్కునకు వాలియుండవలెనని చెప్పుచు ఆరంభమగుచున్నది. స్థలమును ఊడ్చుట కూడ ఆ దిక్కునకే. ఉపనయనమునకును, వివాహమునకును ఏ గ్రంథము ప్రమాణమైనదో ఆ గ్రంథమే ఇంటిస్థలము విషయమున నేటి నియమమునకు సరిగా వ్యతిరేకమైన దానిని విధించుచున్నది. నేటివారు దాని నెఱిగి త్రోసిపుచ్చిరనుటకంటె, చూడకయే విడిచిరనుట సత్యమునకు సమీపము.

సూత్రకాలమునందలి నిజమైన నిర్మాణశాస్త్రము గృహ్యసూత్రములందు కాదు, శుల్బసూత్రములందు కలదు. శుల్బమనగా త్రాడు. బౌధాయన, ఆపస్తంబ, కాత్యాయన, మానవ శుల్బసూత్రములు యజ్ఞవేదులను కొలిచి కట్టు పద్ధతిని బోధించుచున్నవి. చతురస్రముయొక్క కర్ణమును కనుగొనుటకు బౌధాయనుడు చెప్పిన భిన్నములను కూడినచో 577/408 వచ్చును. ఇది రెండింటి వర్గమూలమునకు అయిదు దశాంశస్థానములవఱకు సరిపోవును. అగ్నిచయనమున ఒక్కొక్క వరుసకు 200 చొప్పున అయిదు వరుసలలో 1000 ఇటుకలు పేర్చుదురు. క్రింది వరుస అతుకుపై మీది వరుస అతుకు పడరాదని నియమము. నేటి తాపీపనివాడును ఈ నియమమునే పాటించుచున్నాడు. దిక్కును నిర్ణయించుటకు కాత్యాయనుడు శంకువును నాటి, దాని చుట్టును వృత్తము గీచి, ప్రొద్దుట, సాయంకాలము నీడకొన వృత్తమును తాకిన రెండు బిందువులను కలుపుమన్నాడు. ఇల్లు కట్టువారికి వేదాంగవాఙ్మయ మిచ్చిన నిజమైన దానము ఈ కొలతయే. నేటి వైదికవాస్తుప్రచారమున దీనికి దక్కిన స్థానము మిక్కిలి స్వల్పము.

వరాహమిహిరుని ద్వారవిచారము

క్రీ. శ. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యాధ్యాయము ఈ శాస్త్రమునకు లభించిన ప్రాచీనమైన సమగ్రసంగ్రహములలో నొకటి. ఇట వాస్తుక్షేత్రము 81 పదములుగా విభజింపబడినది. వానియందు 45 దేవతలు. వెలుపలి అంచున 32, లోపల 13. అంచున నున్న 32 పదములకును ద్వారఫలములు వేఱువేఱుగా చెప్పబడినవి. ఒక్కొక్క దిక్కునకు ఎనిమిది పదములు. తూర్పున జయంత, ఇంద్రపదములు శుభములు. ఆ తూర్పుననే అగ్నిభయము, కోపము, అనృతము, చోరభయము కలిగించు పదములు కూడ కలవు. దక్షిణమున బృహత్క్షతుని పదము అన్నపానములకును, పుత్రులకును వృద్ధికరము. తక్కినవి శుభములు కావు. పడమట వరుణపదము ధనసంపత్కరము. ఉత్తరమున శుభపదము లెక్కువ. అయినను మొదటిపదము వధబంధములకు హేతువని చెప్పబడినది.

ఇందువలన రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది – గోభిలునినాటి దక్షిణగౌరవము వరాహమిహిరునినాటికి తగ్గినది. గోభిలుడు నిషేధించిన పడమరకు గౌరవము కలిగినది. అనగా శాస్త్రము మాఱినది. రెండవది – మాఱిన శాస్త్రము కూడ దక్షిణదిక్కును నిషేధింపలేదు. దిక్కు కాదు, పదము ప్రధానము. తూర్పుముఖమైనంత మాత్రమున ఇల్లు శుభము కాదు. దక్షిణముఖమైనంత మాత్రమున అశుభము కాదు.

చతుశ్శాలాప్రకరణమున ఈ సంగతి మఱింత స్పష్టము. నడుమ ముంగిలి, నాలుగువైపుల శాలలు గల ఇల్లు చతుశ్శాల. మన గోదావరిమండలపు మండువాలోగిలి ఈ కుదురులోనిదే. శాలకు వెలుపలివైపు నుండు పంచకు అలిందమని పేరు. అలిందము లన్నివైపుల అడ్డులేక సాగినచో ఆ యిల్లు సర్వతోభద్రము. దానికి నాలుగు దిక్కుల ద్వారము లుండవచ్చును. అలిందములు సాగి ఆగు తీరునుబట్టి తక్కిన గృహములకు వేఱుపేర్లు. నంద్యావర్తమున పడమటి ద్వారము కూడదు. వర్ధమానమున దక్షిణద్వారము కూడదు. రుచకమున ఉత్తరద్వారము కూడదు, దక్షిణము కూడును. ఇట నిషేధము దిక్కును బట్టి రాలేదు, ఇంటి కుదురును బట్టి వచ్చినది. వర్ధమానమునకు చెప్పిన దక్షిణనిషేధము ఆ గృహమునకు మాత్రమే చెల్లును. ఒక్క గృహమునకు చెప్పినదానిని గృహములన్నిటికిని చాటినచో, అదే న్యాయమున రుచకమునకు చెప్పిన ఉత్తరనిషేధమును కూడ అన్నిటికిని చాటవలసివచ్చును. అట్లు చాటినవారిని మనమెఱుగము.

వీథిపోటు అని మనవారు వ్యవహరించు దోషమును కూడ వరాహమిహిరుడు వేధమను పేర చెప్పినాడు. వాకిలి కెదురుగా త్రోవ గాని, చెట్టు గాని, మూల గాని, బావి గాని, స్తంభము గాని యుండుట మంచిది కాదు. అయితే ఎత్తునకు రెండింతల దూరము విడిచినచో దోషములేదని వెంటనే చెప్పినాడు. దోషమును చెప్పిన నోటనే పరిహారమును చెప్పుట అతని పద్ధతి. నేటి వ్యవహారమున దోషము నిలిచినది; దూరపు లెక్క మఱుగుపడినది.

శిల్పగ్రంథముల గణితము

మూడవ తరగతి గ్రంథములు శిల్పులకును ఆగమములకును సన్నిహితమైనవి. మయమతము, మానసారము, భోజుని పేర వెలసిన సమరాంగణసూత్రధారము, కేరళమున మనుష్యాలయచంద్రిక మున్నగునవి ప్రసిద్ధములు. రామరాజు 1834లో లండనునందు ప్రకటితమైన తన గ్రంథముచేత ఈ వాఙ్మయమును ఆధునికలోకమునకు తెలిపెను. టి. గణపతిశాస్త్రి మయమతమును తిరువనంతపురము గ్రంథమాలయందు 1919లో ప్రకటించెను. సమరాంగణసూత్రధారము కూడ ఆయన సంస్కరణమననే బరోడానుండి వెలువడినది. పి. కె. ఆచార్య మానసారమును సంస్కరించి అనువదించెను. నేటి పరిశోధకునకు మూలములు అందుబాటులోనే యున్నవి.

వీనియందు ఆయాదిగణనము ముఖ్యము. అందు యోనిలెక్కను మాత్రము చూతము. మానసారము వెడల్పునుబట్టియు, కేరళసంప్రదాయము చుట్టుకొలతనుబట్టియు లెక్కించును. కొలతను మూడింట గుణించి ఎనిమిదింట భాగించుట రెండింటికిని సమానము. శేషము ననుసరించి ధ్వజము, ధూమము, సింహము, శ్వానము, వృషభము, ఖరము, గజము, కాకము అని ఎనిమిది యోనులు. శేషము సున్నయైనచో ఎనిమిదవది. బేసియోనులు శుభములు. ధ్వజము తూర్పునకును, సింహము దక్షిణమునకును, వృషభము పడమరకును, గజము ఉత్తరమునకును చెందినవి. అశుభములైన నాలుగును మూలలవి. ఈశాన్యమునకు చెందినది కాకయోని. దక్షిణము శుభమై, ఈశాన్యము అశుభమైన లెక్క యొకటి ఈ శాస్త్రముననే యున్నదని దీనివలన తెలియుచున్నది.

ఈ గణితము ఫలమేమి? పది మూరల పొడవు, ఏడు మూరల వెడల్పు గల గృహము ననుకొందము. చుట్టుకొలత 34, మూడింట గుణింపగా 102, ఎనిమిదింట భాగింపగా శేషము 6, ఖరయోని. వెడల్పును ఏడున్నర మూరలు చేసినచో చుట్టుకొలత 35, గుణింపగా 105, శేషము 1, ధ్వజయోని. మూడు బేసిసంఖ్య, ఎనిమిది సరిసంఖ్య. కావున చుట్టుకొలత బేసియైనప్పుడే శేషము బేసియగును. పొడవు వెడల్పులు నిండు మూరలైనచో చుట్టుకొలత ఎల్లప్పుడును సరిసంఖ్యయే. అందుచేత శుభయోని కావలెనన్నచో శిల్పి అరమూరవఱకు కొలతను నిర్ణయింపక తప్పదు. పునాది త్రవ్వుటకు ముందే కొలత తేలవలెను. తేలిన కొలత నడుమ మాఱరాదు. శుభాశుభఫలమును నమ్మనివానికి కూడ ఈ క్రమశిక్షణ విలువ బోధపడును. పైకి జాతకమువలె కనబడు లెక్క, పనిలో కొలబద్దయై నిలిచినది.

కట్టడముల సాక్ష్యము

గ్రంథముతోపాటు కట్టడమును కూడ చూడవలెను. కాకతి రుద్రదేవుని 1163 నాటి శాసనముగల హనుమకొండ వేయిస్తంభములగుడి త్రికూటాలయము. శివునకును, విష్ణువునకును, సూర్యునకును మూడు గర్భగృహములు; వానిని కలుపు రంగమండపము తెఱచియున్నది దక్షిణమునకు. రేచెర్ల రుద్రుడు 1213లో కట్టించిన పాలంపేట రామప్పగుడి తూర్పుముఖమైనది. దాని రంగమండపమునకు తూర్పుననే గాక ఉత్తరదక్షిణములందును ప్రవేశద్వారములు కలవు. శ్రీకాళహస్తీశ్వరుడు పశ్చిమాభిముఖుడు. దేవాలయనియమములు వేఱు, గృహనియమములు వేఱు అను ఆక్షేపణ న్యాయమైనదే. దిక్కునందు సహజముగా దోషమున్నదను వాదమునకు మాత్రము ఆ ఆక్షేపణ తోడ్పడదు. దోషము దిక్కుననే యున్నచో అది దేవునివాకిటను ఉండవలెను.

రెండు సమర్థనలు

శాస్త్రమును నేడు సమర్థించువారిలో రెండు తెగలు కలవు. మొదటి తెగవారు ఋషివాక్యము కావున ప్రశ్నింపరాదందురు. వారికి సమాధానము పైని చెప్పబడినది: ఋషివాక్యము లేకముఖముగా లేవు. శాస్త్రకారులే అభిప్రాయభేదమును దాచలేదు. ప్రాసాదమున అంతస్తు ఎత్తు మయుని మతమున 108 అంగుళములనియు, విశ్వకర్మ మతమున మూడున్నర మూరలు, అనగా 84 అంగుళములనియు వరాహమిహిరుడు చెప్పి, ఆ రెండింటికిని పొందిక చూపుటకు యత్నించెను.

రెండవ తెగవారు అయస్కాంతశక్తియని, విశ్వకిరణములని క్రొత్త హేతువులను కల్పించుచున్నారు. ఇది శాస్త్రమునకు గౌరవము చేయుట కాదు. మనము చూచిన గ్రంథములలో దిక్కును నిర్ణయించునది సూర్యుని నీడ; సూదంటుఱాయి కాదు. గ్రంథమునకు లేని హేతువును గ్రంథమునకు అంటగట్టుట వ్యాఖ్యానమర్యాదకు విరుద్ధము. ఎండగాలులను బట్టి నియమములు పుట్టియుండవచ్చునను వారి మాట కొంత సమంజసమే. కాని అప్పుడు ఉజ్జయినికి చెప్పినది బందరునకు చెల్లునా యని విచారింపవలసి యుండును. ఎండగాలులు ఊరూరికి మాఱును గదా.

ఇరుతెగలవారును మౌనముగా దాటవేయు భాగ మొకటి కలదు. ఆశ్వలాయనుడు బ్రాహ్మణునకు తెల్లని నేలను, క్షత్రియునకు ఎఱ్ఱని నేలను, వైశ్యునకు పచ్చని నేలను విధించినాడు. వరాహమిహిరుడు పల్లమును కూడ వర్ణక్రమమునబట్టి చెప్పినాడు: ఉత్తరపు వాలు బ్రాహ్మణునకు, తూర్పువాలు క్షత్రియునకు, దక్షిణపు వాలు వైశ్యునకు, పడమటి వాలు శూద్రునకు. బ్రాహ్మణుడు మాత్రము ఎక్కడనైనను నివసింపవచ్చును. ఉత్తమగృహపు వెడల్పు రాజునకు 108 మూరలు. నాలుగు వర్ణములకు వరుసగా 32, 28, 24, 20. వర్ణములకు వెలుపలివారికి అంతకంటె తక్కువ. ఇది భూమిధర్మము కాదు, సంఘధర్మము. శాస్త్రమంతయు అక్షరశః ప్రమాణమనువారు దీనినికూడ అంగీకరింపవలెను. దీనిని విడుచువారు తామును ఏఱుకొనుచున్నామని ఒప్పుకొనవలెను. ఏఱుకొనుట తప్పు కాదు. ఏఱుకొన్నదానికి వేదముద్ర వేయుట తప్పు.

ముగింపు

నేడు తెలుగునాట చెల్లుచున్న ద్వారనియమమును, పల్లపు నియమమును దేశాచారములనవచ్చును. దేశాచారమునకు దేశాచారముగనే గౌరవము కలదు. ఆపస్తంబుడే తన గృహ్యసూత్రమున వివాహమునందలి ఆచారములను స్త్రీలవలన తెలిసికొనవలెనని చెప్పి, ఆచారమునకు దాని స్వంతపేరుతోనే స్థానమిచ్చినాడు. దానికి వేదమని పేరుపెట్టుటవలన రెండు నష్టములు కలుగుచున్నవి. గృహస్థు అకారణభయముచే మంచివాకిలిని మూసికొనుచున్నాడు. విద్యార్థి గోభిలుని, ఆపస్తంబుని, వరాహమిహిరుని చదువుటకు ముందే వారేమి చెప్పిరో తెలిసినదనుకొనుచున్నాడు. రెండవ నష్టము మన శాఖలకు సంబంధించినది. దానిని తొలగించుట మన పని.

చేయదగిన కృషి చాల కలదు. సంస్కృతగ్రంథముల నట్లుంచి, తెలుగునాట వ్రాతప్రతులుగా నిలిచిన వాస్తుగ్రంథములలో ద్వారనియమ మెట్లున్నదో పట్టిక వేయవలెను. అలిందము, చతుశ్శాల, వేధము అను మాటలకు పంచ, లోగిలి, పోటు అను మన మాటలు ఎంతవఱకు సరిపోవునో పనివారినడిగి తెలిసికొనవలెను. ఏ నియమము ఏ శతాబ్దిలో మొదట కనబడుచున్నదో నిర్ణయించినప్పుడే శాస్త్రమునకు చరిత్ర ఏర్పడును.

భూపరీక్షలను వివరించిన వరాహమిహిరుడు గోతిని, నీటిని, దీపమును, పువ్వును చెప్పి, చివరకు ఎవని మనస్సు ఏ స్థలమున రమించునో ఆ స్థలము వానికి శుభప్రదమని కూడ చెప్పినాడు. ఇన్ని లెక్కలు వ్రాసిన జ్యోతిషికుడు నివసించువాని మనస్సునకు ఈ చోటు విడిచినాడు. ఆతని పేర చెప్పబడుచున్న నేటి నియమములలో ఆ చోటు కనబడకుండుట విచారింపదగిన విషయము.